ఈశాన్యం మూల

ఆ ఏడాది బళ్ళు తెరవలేదు. జూన్ పోయింది, జూలై వచ్చింది. మల్కాపురంలో మా సందు మొదట్లో అడ్డంగా కట్టిన వెదురు కర్రలు కొన్నాళ్ళు తీసేవారు, మళ్ళీ ఎవరికో పాజిటివ్ అనగానే కట్టేసేవారు. మా నిఖిత పదో తరగతికి వచ్చింది. పుస్తకాలు ఇచ్చి పంపించేశారు. పాఠాలు దూరదర్శన్‌లో చెబుతారు, చూసి నోట్సు రాసుకోమని మాస్టారు ఫోన్ చేసి చెప్పారు.

మా ఇంట్లో టీవీ ఉంది గానీ అందులో ఏమీ రాదు. పోర్టులో మా ఆయన గురునాథరావుకి కళాసీ పని వారంలో సగం రోజులు కూడా దొరకని కాలం అది. కేబుల్ వాళ్ళు వేసవిలోనే వచ్చి పెట్టె విప్పుకుపోయారు. ఉన్న ఒక్క మంచి ఫోను ఆయన జేబులోనే ఉండాలి. మేస్త్రీ ఎప్పుడు పిలుస్తాడో తెలియదు.

పాఠాలు పోతాయని కాదు నా భయం. రోజూ తెల్లారి మా సందు చివరికి రొయ్యల కంపెనీ బస్సు వచ్చేది. నెత్తిన తెల్లటి టోపీలు పెట్టుకుని ఆడపిల్లలు ఎక్కేవారు. వాళ్ళలో ఇద్దరు నిఖిత తరగతి వాళ్ళే. మా అక్క కూతురు కూడా ఒకప్పుడు అలాగే, సెలవులకే కదా అని ఆ బస్సు ఎక్కింది. బడి తెరిచాక ఆ పిల్ల మళ్ళీ పుస్తకం ముట్టుకోలేదు.

"అమ్మా, నానూ ఎల్తానే," అంది నిఖిత ఒకరోజు. "ఇంట్లో కూసుని ఏటి సేత్తన్నాను? బడి తెరిసినాక మానేత్తాను."

నేను ఆయన మొహం చూశాను. ఆయన గోడ వైపు చూశారు. ఒద్దని ఆయన గట్టిగా అనకపోవడంతో నాకు చాలా భయం వేసింది.

మేం ఉండేది మేడ మీద వాటా. కింద ఇంటివాళ్ళు, భీమశంకరరావు గారూ, భ్రమరాంబ గారూ. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. ఆయన ఉద్యోగమంతా క్రేను మీదే చేసి రిటైరయ్యారు. నేను ఆయన్ని బాబాయ్ గారనీ, ఆవిడని పిన్నిగారనీ పిలిచేదాన్ని. మార్చి వరకూ నిఖిత సాయంత్రమైతే వాళ్ళ హాల్లోనే ఉండేది. కరోనా వచ్చాక పిన్నిగారు వరండా గ్రిల్లుకి తాళం వేసేశారు. గేటు దగ్గర బ్లీచింగు నీళ్ళ బకెట్టు పెట్టారు. ఆవిడకి సుగరు. సుగరున్నవాళ్ళకి వస్తే కష్టమని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి ఆవిడ మాతో మాట్లాడాలన్నా ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకునేవారు.

అయినా సిగ్గు విడిచి అడిగాను, పాఠాల టైములో పిల్లని హాల్లో ఓ మూల కూర్చోనిస్తారా అని.

"ఏమనుకోకమ్మా రోజారమణీ," అన్నారావిడ గ్రిల్లు అవతల నుంచే. "మీ ఆయన పోర్టుకి వెళ్ళొస్తున్నాడా? ఏయే దేశాల ఓడలొస్తాయో అక్కడికి. నీ పిల్ల నాకు బరువై కాదు. భయమమ్మా."

నా భయం నాకున్నట్టే ఆవిడ భయం ఆవిడకుంది.

ఆ వారమే మా ఆయన పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి చిన్న యాంటెన్నా ఒకటి తెచ్చారు. రెండు మెరిసే పుల్లలు, కింద నల్లటి గుండ్రటి దిమ్మ. "టీవీ మీద ఎట్టుకుంటే సాలన్నాడు కొట్టోడు," అన్నారు. మీద పెట్టాం, పక్కన పెట్టాం, కిటికీలో పెట్టాం. తెర నిండా చీమలు పాకినట్టు చుక్కలు, బుస్సుమని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నిఖిత ఓ పుల్లని చేత్తో పట్టుకుంటే మాత్రం చుక్కల వెనక ఎవరో మనిషి, ఏదో మాట. చెయ్యి తీస్తే పోయేది. ఎడమ చేత్తో పుల్ల పట్టుకుని నిలబడి, కుడి చేత్తో గోడకి పుస్తకం ఆనించి రాయడానికి ప్రయత్నిస్తుంటే, మెట్ల మీద అడుగుల చప్పుడయింది. బాబాయ్ గారు మాస్కుతో తలుపు బయటే ఆగిపోయి చూస్తున్నారు.

ఆ వెంటనే దిగి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న అటక మీంచి దించిన పాత యాంటెన్నా మా మెట్ల దగ్గర ఉంది. చేప ముల్లు లాంటి అల్యూమినియం చట్రం. రెండు కడ్డీలు వంగిపోయి ఉన్నాయి. ఆయన బండరాయి మీద పెట్టి సుత్తితో సాపు చేస్తున్నారు.

"గదిలో పెట్టేదాంతో పనవదమ్మా," అన్నారు. "దూరదర్శన్ టవరు కైలాసగిరి మీద ఉంది. మనకీ దానికీ మధ్య రిఫైనరీ ట్యాంకులు, పోర్టు, ఊరంతా అడ్డం. బాగా పైకెత్తాలి. గురునాథాన్ని పైపులు తెమ్మను. ఇక్కడ ఇంకో చిక్కుంది, అది డాబా ఎక్కాక చూద్దాం."

ఆ చిక్కు పక్కింటి చోట కొత్తగా లేచిన అపార్టుమెంటు. ఆదివారం ఇనప పైపు రెండు ముక్కలు కలిపి డాబా మీద ఎక్కడెక్కడ నిలబెట్టినా ఆ గోడే అడ్డం వచ్చింది. నిఖిత టీవీ దగ్గర, నేను మెట్ల మధ్యలో, మగవాళ్ళిద్దరూ పైన.

"వచ్చిందా?"

"సుక్కలే!"

"ఇప్పుడు?"

"మాట వత్తంది, బొమ్మ నేదు!"

మెట్ల గది పక్కన నైరుతిలో పెడితే ఒక్కో మనిషికి రెండు నీడలు. మధ్యలో పెడితే అడ్డగీతలు. చివరికి ఈశాన్యం మూలకి తీసుకెళ్ళారు. అక్కడ అపార్టుమెంటు గోడ అయిపోయి కాస్త ఆకాశం కనబడుతుంది. పైపు అలా నిలబెట్టారో లేదో కింద నుంచి నిఖిత కేక. "వచ్చీసింది! అమ్మా, బోర్డు మీద అక్షరాలు కూడా కనిపిత్తన్నాయే!"

నేను పరుగెత్తుకెళ్ళి చూశాను. మాస్టారొకాయన త్రిభుజం గీస్తున్నాడు. అంత స్పష్టంగా గీత కనబడింది.

తిరిగి డాబా మీదికి వెళ్ళేసరికి పిన్నిగారు కింద వీధిలో నిలబడి పైకి చూస్తున్నారు. "ఏవండీ, ఈశాన్యంలో ఇనుము పెడతారా ఎవరైనా?" అన్నారు మొదట. తర్వాత ఆవిడ చూపు పిట్టగోడ దాటింది. ఆ మూలనే, చెయ్యి చాస్తే అందుతాయేమో అన్నంత దగ్గరగా, హైటెన్షన్ తీగలు పోతున్నాయి. "అయ్యో, అది పడితే ఎటు పడుతుందో చూశారా మీరు?"

"పడదు," అన్నారు బాబాయ్ గారు. "పైపుని మూడు వైపులా లాగి పట్టే స్టే వైర్లు నా చేత్తో బిగిస్తాను. ఇంతకంటే ఎత్తులో ఇంతకంటే బరువులు ఆడించినవాణ్ణి."

"ఇంకో మూల పెట్టండి."

"ఇంకో మూల రావట్లేదు భ్రమరాంబా. పిల్ల చదువు."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. బాబాయ్ గారు వైర్లు కట్టి, ముడి ముడికీ లాగి చూసి, చీకటి పడేముందు దిగారు.

ఆగస్టు, సెప్టెంబరు అలా గడిచాయి. పాఠాల వేళకి నిఖిత టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేది. రొయ్యల బస్సు మాట తగ్గించింది, పూర్తిగా మానలేదు. నేను వంట చేస్తూ తెర వైపు చూసేదాన్ని. పాఠం కోసం కాదు. బొమ్మ వణికిందంటే పైన గాలి వేస్తున్నట్టు. బొమ్మ వంకర పోయిందంటే పైపు కదులుతున్నట్టు. అప్పుడు బాబాయ్ గారు మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళడం, ఏదో బిగించడం, బొమ్మ సర్దుకోవడం. రాత్రి వాన పడితే నాకు ఆ తీగలే కళ్ళ ముందుండేవి. "పడుకోయే, అదేటి నిన్న కట్టిందా," అని మా ఆయన విసుక్కునేవారు.

సెప్టెంబరు ఆఖర్లో బొమ్మ వంకర పోయింది. ఎవరూ మెట్లెక్కి రాలేదు. కింద నుంచి దగ్గు వినబడింది.

రెండు రోజులు ఆగకుండా దగ్గు. పరీక్ష చేస్తే ఇద్దరికీ పాజిటివ్. పిన్నిగారికి జ్వరంతో సరిపోయింది. బాబాయ్ గారికి ఊపిరి అందేది కాదు. ఆస్పత్రికి వెళ్ళనని పట్టుబట్టారాయన. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదని ఆయన నమ్మకం. వాళ్ళమ్మాయి అనూరాధ కాకినాడలో ఉంది, ఆ ఇంట్లోనూ అందరూ జ్వరాలతో పడి ఉన్నారు. ఆ అమ్మాయే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఎక్కడెక్కడో పట్టుకుని, కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషనూ, అది ఆగితే వాడుకోవడానికి చిన్న సిలిండరూ పంపించింది.

ఆ జబ్బు ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. మేం పరీక్ష చేయించుకుంటే మాకు లేదన్నారు. ఆ మాట నేను సందులో అందరికీ, అడగనివాళ్ళకి కూడా చెప్పాను.

ఆ రోజు నుంచి మిషను చప్పుడు మా నేల కింద వినబడుతూనే ఉండేది, ఎవరో ఆపకుండా బరువుగా నిట్టూరుస్తున్నట్టు. అన్నం వండి కిటికీ దగ్గర పెట్టి తలుపు కొట్టి వచ్చేదాన్ని. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా ఇంట్లో ముగ్గురం చేస్తున్న పని ఆపి చెవులు రిక్కించేవాళ్ళం.

అలా ఓ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన తర్వాత నేను డాబా మీదికి వెళ్ళాను. పైపు నిలబడ్డ మూలా, ఆ పక్క తీగలూ చూశాను. మా సందుకంతా కరెంటు వచ్చేది ఆ తీగల మీదే. పైపు పడితే ఆ మిషను ఆగిపోతుంది. అంతకుముందు ఎందుకు తట్టలేదో తెలియదు గానీ, అది తట్టిన క్షణం నుంచి నాకు అన్నం సహించలేదు.

అక్టోబరు రెండో వారంలో వాయుగుండం పట్టింది. ఆ వార్త కూడా ఆ యాంటెన్నా మీదే విన్నాం. సముద్రం మీదికి ఎవరూ వెళ్ళొద్దనీ, ఈదురుగాలులు వస్తాయనీ చెబుతుంటే తెర మీద వార్తలు చదివే ఆవిడ మొహం సాగి సాగి పోతోంది. డాబా ఎక్కి చూస్తే ఒక స్టే వైరు పిట్టగోడ దగ్గర తుప్పు పట్టి తెగి వేలాడుతోంది. పైపు వీధి వైపు, తీగల వైపు, కాస్త ఒరిగి ఉంది.

పోర్టులో ప్రమాద సూచిక ఎగరేసి పనులు ఆపేశారు. మా ఆయన ఇంటికి వచ్చారు. వస్తూనే చొక్కా విప్పి డాబా ఎక్కబోతే నేను రెక్క పట్టుకుని ఆపాను. "ముట్టుకోకు. ముందు ఉదయ్‌కుమార్‌ని పిలు."

ఉదయ్‌కుమార్ మా పక్క సందులో ఉండే లైన్‌మేన్. వచ్చి, పైకి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బావా, ఇది ఎవుడు ఎట్టాడు ఇక్కడ? దింపాలంటే వంచాలి, వంచితే తీగకి తగుల్తాది. లైను ఆపకుండా సెయ్యి ఏసేవంటే మనిషివి మిగలవు."

"ఆపించు మరి."

"ఆపిత్తాను. సబ్‌స్టేషన్‌తో మాట్లాడతాను. గాలి పెరిగిపోతే మాత్రం ఇయ్యరు, ఇప్పుడే అయిపోవాలి."

కింద మిషను నిట్టూరుస్తోంది. లైను ఆపితే అదీ ఆగుతుంది. ఆపకుండా వదిలేస్తే సాయంత్రం గాలికి పైపే ఆపుతుంది, అప్పుడు ఎంతసేపటికి వస్తుందో కూడా తెలియదు.

నేను కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడి పిన్నిగారికి చెప్పాను. ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చెప్పింది పూర్తిగా విని, "సిలిండరు ఉందమ్మా," అన్నారు. "కానీ దాని వాల్వు ఆ తాళంతో తిప్పడం నా వల్ల కాలేదు. మొన్న చూశాను. చేతుల్లో బలం లేదు."

అంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి.

"నాను ఎల్తాను," అన్నాను.

"నువ్వెల్తే స్టే వైరు ఎవులు పట్టుకుంతారు?" నిఖిత మెట్ల మీద నిలబడి ఉంది. అప్పటికే మాస్కు మీద చున్నీ చుట్టుకుని ముడేసుకుంది. "నాన్న ఒక్కడే దింపలేడు. ఆ బరువు నాను ఆపలేను, నువ్వు ఆపగలవు. నాను లోపలికెల్తాను."

"ఒద్దే."

"మరేటి సేత్తావ్?"

మా ఆయన పిల్ల తల మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకున్నారు. పిన్నిగారు వచ్చి గ్రిల్లు తాళం తీశారు.

డాబా మీద గాలి చీర చెంగుని పట్టుకు లాగుతోంది. నేను రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని, మెట్ల గది వైపు ఉన్న స్టే వైరు పట్టుకుని వెనక్కి ఒరిగి నిలబడ్డాను. ఉదయ్‌కుమార్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, "ఆపేరు," అన్నాడు. అతను చెప్పక్కర్లేదు. మా కాళ్ళ కింద నిట్టూర్పు ఆగిపోయింది.

కింది కిటికీలోంచి నిఖిత గొంతు వచ్చింది. బాబాయ్ గారి వేలికి పెట్టిన, ఆక్సిజన్ ఎంతుందో చూపే మిషను చూసి చదువుతోంది. "తొంభై ఒకటి!"

మా ఆయన క్లాంపు నట్టు విప్పుతున్నారు. తుప్పుకి పట్టేసింది. స్పానరు జారిపోతోంది.

"ఎనభై తొమ్మిది!"

"సిలిండరు తిప్పేవేటే?" అని అరిచాను.

"తిప్పేను! గాలి వత్తన్నట్టు నేదు!"

"నిదానంగా తిప్పమ్మా," అని పిన్నిగారి గొంతు, చాలా సన్నగా. "ఆ సీసాలో నీళ్ళున్నాయి చూడు. బుడగలు రావాలి."

మొదటి నట్టు ఊడింది. పైపు బరువు ఒక్కసారిగా నా చేతుల మీదికి వచ్చింది. గుడ్డలోంచి వైరు అరచేతిలోకి దిగింది. వదల్లేదు.

"ఎనభై ఏడు! అమ్మా, ఎనభై ఏడు!"

"ఆపీద్దామా?" అన్నారు మా ఆయన నా వైపు చూసి. సగం విప్పిన పైపుని ఆపడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ఉదయ్‌కుమార్ రెండో నట్టు పట్టుకున్నాడు.

కాసేపు కింద నుంచి ఏమీ వినబడలేదు. ఆ కాసేపూ నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. వైరు ఒక్కటే పట్టుకున్నాను.

"బుడగలొచ్చేయి!" అంది నిఖిత. గొంతు ఏడుస్తున్నట్టుంది. "వత్తన్నాయి, బుడగలు వత్తన్నాయి!"

రెండో నట్టు ఊడింది. వంచడం మొదలుపెట్టాం. సగానికి వచ్చేసరికి ఈదురుగాలి ఒకటి కొట్టింది. నేను వెనక్కి గుంజినా ఆగలేదు. పైపు కొస పక్కకి తిరిగి, వెళ్ళి తీగకి తగిలింది. టంగుమని చిన్న చప్పుడయింది, గిన్నెకి గరిటె తగిలినట్టు.

మళ్ళీ ఇవతలికి లాక్కుని, డాబా మీద పడుకోబెట్టాం. మా ఆయన పైపు పక్కనే కూలబడి చాలాసేపు లేవలేదు.

ఉదయ్‌కుమార్ ఫోన్ చేసి లైను ఇప్పించాడు. కింద మిషను మళ్ళీ నిట్టూర్చింది. "తొంభై మూడు," అంది నిఖిత మామూలు గొంతుతో.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. సాయంత్రం దీపాల వేళకి గాలి ముదిరి, సందు మొదట్లో కొమ్మ ఒకటి విరిగి అవే తీగల మీద పడింది. కరెంటు పోయింది. మేం దింపినా దింపకపోయినా పోయేదే. ఈసారి తాళం ఎటు తిప్పాలో నిఖితకి తెలుసు. కానీ పగలు వాడిన సిలిండరు. దాని మీటరు ముల్లు దిగుతూ ఉండటం కిటికీలోంచి నాకూ కనబడుతోంది. ఎంతసేపు ఆగుతుందో తెలియదు. మా ఆయన వానలో తడుస్తూ సందు చివర నిలబడి నూట ఎనిమిదికి ఫోన్ చేస్తూనే ఉన్నారు. చివరికి అంబులెన్స్ వచ్చింది. అప్పటికి బుడగలు ఒకటీ ఒకటీగా వస్తున్నాయి.

స్ట్రెచర్ మీద బాబాయ్ గారు కళ్ళు తెరిచి పిన్నిగారి వైపు చెయ్యి చాపారు. "వెళ్ళండి. నేను బాగానే ఉన్నాను," అన్నారావిడ. ఆయన ఎన్నాళ్ళుగానో వెళ్ళనన్న చోటికి ఆ చీకట్లో వెళ్ళారు.

నిఖితని పైకి పిలిచాను. రానంది. "లోపల ఇంతసేపు ఉన్నాను. పైకొచ్చి మీకు అంటించనా? మామ్మ గారొక్కరే ఉన్నారు కూడా." పిన్నిగారు హాల్లో ఓ మూల చాపా దుప్పటీ వేయించారు. తను దూరంగా గదిలో పడుకున్నారు.

ఆ నాలుగైదు రోజులూ నేను పైనా కాదు, కిందా కాదు, మెట్ల మీదే బతికాను. పిల్ల తుమ్మితే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. కిటికీలోంచి అన్నం గిన్నెలు అందించేదాన్ని. కరెంటు తిరిగి వచ్చాక, డాబా మీద పడుకోబెట్టిన యాంటెన్నాతో పని లేకుండానే నిఖిత అక్కడ హాల్లో కేబుల్ ఉన్న పెద్ద టీవీలో పాఠాలు చూసింది. పిన్నిగారు గది గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని తనూ చూసేవారట.

"నీ కూతురికి లెక్కలు బాగా వస్తాయమ్మా," అన్నారొకసారి కిటికీ దగ్గరికి వచ్చి. "ఆయనకి చెప్పాలి."

"మీకెలాగుంది పిన్నిగారూ?"

"నాకేం. జ్వరం... తగ్గిపోయింది. నీరసం."

మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారని నాకు తెలిసింది. నీరసమే అనుకున్నాను. మా చూపులన్నీ ఆస్పత్రి వైపే ఉన్నాయి. ఆయనకి ఎంత ఉంది, ఈ రోజు ఎంత ఉంది, అనూరాధ ఫోన్ చేసిందా. ఆవిడకి ఎంత ఉందని ఎవరం అడగలేదు.

దసరాకి వారం రోజుల ముందు, తెల్లవారుతుండగా నిఖిత కిటికీలోంచి పిలిచింది. మామ్మ గారు లేవడం లేదంది. నేను ఈసారి ఏమీ ఆలోచించకుండా లోపలికి పరుగెత్తాను. ఊపిరి ఉంది గానీ పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. ఆస్పత్రికి చేరాక మధ్యాహ్నం పోయారు. మనిషిని ఇంటికి ఇవ్వలేదు. కార్పొరేషన్ వాళ్ళే తీసుకెళ్ళారు. అనూరాధ ఫోన్లో ఏడుస్తుంటే నేను ఫోను చెవికి ఆనించుకుని మెట్ల మీద కూర్చున్నాను.

ఎదురింటి గంగాలమ్మ, "ఈశాన్యంలో ఇనుము ఎడితే ఏటవుద్దో సూసేవా? ఇంటామె పోయింది," అంది. ఆవిడతో నేను పోట్లాడలేదు. నిఖితకి పరీక్ష చేయించాం. నెగెటివ్. ఆ కాగితం చూశాక కూడా నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

నవంబరు మొదట్లో తొమ్మిది, పది తరగతులకి బడి తెరిచారు. ఆ వారంలోనే బాబాయ్ గారు ఇంటికి వచ్చారు. చెంపలు లోపలికి పోయి, సగం మనిషయ్యారు. విషయం ఆయనకి ఆస్పత్రిలోనే చెప్పారు. వచ్చి గ్రిల్లు దగ్గర ఆగి, లోపలికి వెళ్ళకుండా, మా ఆయన భుజం పట్టుకుని నిలబడిపోయారు. అనూరాధ తనతో కాకినాడ రమ్మంది. ఆయన కొన్నాళ్ళు ఆగుతానన్నారు. ఆ రోజు నుంచి మా రెండు వాటాలకీ ఒకే పొయ్యి. పొద్దున్నా రాత్రీ కింద ఆయన వంటింట్లోనే వండేదాన్ని, నలుగురం అక్కడే తినేవాళ్ళం. రొయ్యల బస్సు మాట నిఖిత మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఓ పొద్దున్న నిఖిత బడికి తయారై ఆయన ఎదురుగా కూర్చుని తింటోంది. ఆయన అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "ఆ నాలుగు రోజులూ మీ మామ్మ ఏమైనా చెప్పిందా అమ్మా?" అని అడిగారు.

నిఖిత నా వైపు చూసింది. ఆ సంగతి అంతవరకూ నాకూ చెప్పలేదు.

"ఆ వేలికి ఎట్టుకునేది మామ్మ గార్ని కూడా ఎట్టుకోమన్నాను తాతగారూ. రోజూ ఒద్దనేవారు. ఆఖరి రోజు సాయంత్రం నాను వదల్లేదు. సరేనని ఎట్టుకున్నారు."

"ఎంత ఉంది?"

"నన్ను సూడనివ్వలేదు. తను సూసుకుని గుప్పిట మూసేసుకున్నారు. ఎంతుందని అడిగితే బాగానే ఉంది, నువ్వు సదువుకో అన్నారు."

వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను కదల్లేకపోయాను. బాబాయ్ గారు కంచం పక్కకి జరిపారు.

"బాగానే ఉంటే చూపించేది," అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత నిఖిత కంచం వైపు చూసి, "తినమ్మా. బడికి వేళవుతోంది," అన్నారు.

నిఖిత ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. తన కంచమూ ఆయన కంచమూ తీసి కడిగి బోర్లించింది. బ్యాగు తగిలించుకుని, మాస్కు పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పి గేటు తీసింది. ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా ఆయనా, నేనూ అక్కడే నిలబడి ఉన్నాం.